తమ ఏడాదిని తామే తిట్టుకునే పిల్లలు: గతకాలపు హైస్కూలు సినిమాల గురించి

మీ ప్రశ్నలో ముఖ్యంగా రెండు ప్రశ్నలున్నాయి. గడిచిపోయిన ఒక దశాబ్దంలో హైస్కూలు జీవితం ఎలా ఉండేదో చూపించే అమెరికన్ సినిమాల్లో ఏవి చూడాలన్నది మొదటిది. వాటిలో కొన్ని మనసును పట్టి లాగుతుంటే, మరికొన్ని విచిత్ర వేషధారణ పోటీలా ఎందుకు తేలిపోతాయన్నది రెండోది. మీరు పుట్టకముందు కాలంలో నడిచే కథ ఒకటి రాస్తున్నానని చివర్లో అన్నారు. ఆ చివరి మాట వల్లే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఒక ఫిల్మ్ సొసైటీలో ఈ సినిమాలు వేస్తూ, చూసినవాళ్లతో వాదిస్తూ వచ్చాను. అందులో మొదటి పదేళ్లు నేను చెప్పినదాంట్లో సగం తప్పే.

అప్పట్లో నా చూపంతా వస్తువుల మీదే. కారు ఆ ఏడాది మోడలేనా, ప్యాంటు అంచు అంత వెడల్పు ఉండేదా, గోడ మీది పోస్టరు అప్పటికి అచ్చయిందా. తప్పు దొరికితే నిధి దొరికినంత సంబరం. అదంతా కళాదర్శకుడి పని, మంచివాడు దొరికితే చేసిపెడతాడు. నేను ఆలస్యంగా గమనించిన సంగతి వేరు. ఈ కోవలో బాగున్న సినిమాలన్నింట్లోనూ పిల్లలు తాము బతుకుతున్న కాలాన్ని చూసి పెదవి విరుస్తుంటారు. మనకు బంగారు కాలంగా కనిపించేది వాళ్లకు పనికిమాలిన కాలం. బాగోని సినిమాల్లో పిల్లలు తమ కాలాన్ని చూసి తామే మురిసిపోతుంటారు.

ముందు మీరు రాసి పంపిన సినిమాల జాబితాలోంచి రెండు పేర్లు పక్కన పెట్టాలి. ‘ద బ్రేక్‌ఫస్ట్ క్లబ్’ (1985), ‘ఫాస్ట్ టైమ్స్ ఎట్ రిడ్జ్‌మాంట్ హై’ (1982). బాగోలేవని కాదు, వాటి జాతి వేరు. అవి వెనక్కి తిరిగి చూసిన సినిమాలు కావు, తీసిన నాటి కథలే. బ్రేక్‌ఫస్ట్ క్లబ్ కథ 1984 మార్చి 24, శనివారం నాడు జరుగుతుంది. సినిమా తీసింది కూడా ఆ ఏడాదే. ఫాస్ట్ టైమ్స్ కోసం కామెరన్ క్రో విద్యార్థిలా నటిస్తూ ఒక హైస్కూల్లో చేరి, అక్కడ చూసినదాన్ని పుస్తకంగా రాశాడు. దాన్నుంచే సినిమా వచ్చింది. ఇవి ఇవాళ మనకు ఎనభైల సినిమాల్లా కనిపించడానికి కారణం మధ్యలో గడిచిన ఏళ్లే. వాటిని తీసినవాళ్లకు తాము ‘ఎనభైలు’ చూపిస్తున్నామన్న స్పృహ లేదు. అయితే వీటిని చూడటం వల్ల ఒక లాభం ఉంది: తన కాలం గురించి ఏమీ వివరించని సినిమా ఎలా ఉంటుందో తెలుస్తుంది. వెనక్కి చూసే సినిమా చేరుకోవాల్సింది కూడా అక్కడికే.

ఇక అసలు విషయం. ఈ కోవకు తలకట్టు లాంటిది జార్జ్ లూకస్ ‘అమెరికన్ గ్రాఫిటీ’ (1973). కాలిఫోర్నియాలోని మోడెస్టో, 1962 వేసవి చివర ఒక్క రాత్రి. తెల్లవారితే ఇద్దరు కుర్రాళ్లు చదువు కోసం విమానం ఎక్కాలి. రాత్రంతా ఊరి వీధుల్లో కార్లలో తిరుగుతూనే ఉంటారు. కథ అంటే ఇంతే. లూకస్ పుట్టి పెరిగిన ఊరు అదే. సరిగ్గా 1962లోనే అతను హైస్కూలు ముగించాడు, ఆ జూన్‌లోనే కారు ప్రమాదంలో చావు తప్పి బయటపడ్డాడు. నిర్మాత ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా. 8 లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తీసిన సినిమా 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. ఉత్తమ చిత్రంతో కలిపి ఐదు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి.

ఇది కంటితో కన్నా చెవితో చూడాల్సిన సినిమా. ఒకసారి మా ప్రదర్శనలో మధ్యలో శబ్దం పూర్తిగా పోయింది. కింద సబ్‌టైటిళ్లు పడుతున్నాయి కదా అని ఆపకుండా నడిపించాం. ఐదు నిమిషాలకే జనం కుర్చీల్లో అటూ ఇటూ కదలడం మొదలుపెట్టారు. తెరమీద అవే కార్లు, అవే దీపాలు, అవే మొహాలు. కానీ ఊరు చచ్చిపోయింది. శబ్దం తిరిగి రాగానే అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఈ సినిమా ఏమిటో నాకు అర్థమైంది ఆ రోజే.

అందులో పాటలు నేపథ్య సంగీతంలా పైనుంచి దిగవు. ఊరంతా ఒకే రేడియో స్టేషన్ వింటుంటుంది, వుల్ఫ్‌మాన్ జాక్ అనే అనౌన్సరు గొంతు ప్రతి కారులోంచీ వస్తుంది. పక్కనుంచి కారు వెళ్తే పాట దగ్గరికొచ్చి దూరమవుతుంది. శబ్ద విభాగం చూసిన వాల్టర్ మర్చ్, లూకస్ కలిసి దీనికి ఒక ఉపాయం చేశారు. పాటలు, వ్యాఖ్యానం కలిపిన రేడియో కార్యక్రమాన్ని ఆరుబయట, ఇంటి పెరట్లో స్పీకర్లో పెట్టి, కొంత దూరంలో మైకుతో మళ్లీ రికార్డు చేశారు. ఒకరు స్పీకరును అటూ ఇటూ తిప్పుతుంటే రెండోవారు మైకును తిప్పేవారు. గోడలకు తగిలి, గాలిలో పల్చబడి వచ్చిన ఆ పాటను అసలు పాటతో ఎంతెంత పాళ్లలో కలపాలో సన్నివేశాన్ని బట్టి నిర్ణయించారు. అందుకే చీకట్లో నిలబడిన మనిషికి రెండు వీధుల అవతల ఎక్కడో పాట మోగుతున్నట్టు ఉంటుంది. ఆల్బంగా వచ్చినప్పుడు అందులో 41 పాటలున్నాయి. కానీ ఆల్బం వింటే ఆ రాత్రి తిరిగి రాదు, ఎందుకంటే ఆల్బంలో ఆ దూరం లేదు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన పెదవి విరుపు చూడండి. ఊళ్లో అందరికన్నా వేగంగా కారు నడిపే జాన్ మిల్నర్‌కు ఇరవై రెండేళ్లుంటాయి. స్కూలు వదిలి చాలా కాలమైనా స్కూలు పిల్లలతోనే తిరుగుతుంటాడు. రేడియోలో బీచ్ బాయ్స్ బృందం పాట రాగానే కట్టేస్తాడు. గాయకుడు బడీ హాలీ చనిపోయినప్పటి నుంచి రాక్ అండ్ రోల్ దిగజారిపోతూనే ఉందని అతని బాధ. హాలీ పోయింది 1959 ఫిబ్రవరిలో. అంటే మనం 1962ను తలుచుకుని నిట్టూరుస్తుంటే, 1962లో ఉన్నవాడు మూడేళ్ల క్రితాన్ని తలుచుకుని నిట్టూరుస్తున్నాడు. ఈ ఒక్క ముక్కతో లూకస్ తన సినిమాను తానే ఎగతాళి చేసుకున్నాడనిపిస్తుంది నాకు.

దీనికి తోక ఒకటుంది. చివర్లో నలుగురు కుర్రాళ్ల ఫొటోలు, కింద ఒక్కో వాక్యం వస్తాయి. మిల్నర్ 1964 డిసెంబరులో తాగి కారు నడిపినవాడి వల్ల చనిపోయాడు. కళ్లజోడు పెట్టుకున్న టెర్రీ 1965 డిసెంబరులో వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయాడు. మిగతా ఇద్దరిలో ఒకడు సొంత ఊళ్లో బీమా ఏజెంటు, ఇంకొకడు కెనడాలో రచయిత. ఆ వెంటనే మోగే పాట ఏమిటో తెలుసా? బీచ్ బాయ్స్‌ది, 1964లో వచ్చినది. 1962 కథలో 1964 పాట అని నేనూ ఒకప్పుడు తప్పు పట్టాను. మిల్నర్ పోయిన ఏడాది పాట, అతనికి గిట్టని బృందం పాట, అతను రేడియో కట్టేయలేని చోట మోగుతోందని ఎన్నోసారికో తట్టింది. లూకస్ కావాలనే చేశాడో లేదో నాకు అనవసరం.

ఆ చివరి వాక్యాల్లో ఒక లోపం ఉంది, దాన్ని దాటవేయకూడదు. నలుగురూ అబ్బాయిలే. రాత్రంతా వాళ్లతో పాటు తిరిగిన లారీ, డెబీ, కేరల్ ఏమయ్యారో ఒక్క ముక్క లేదు. ఎదిగే వయసు అనగానే మన నోటికి ‘నూనూగు మీసాల వయసు’ అనే మాటే వస్తుంది. ఈ సినిమాలదీ చాలాకాలం అదే పద్ధతి. మీసం లేనివాళ్లు ఎదగడం సినిమాకు పట్టలేదు.

రెండోది రిచర్డ్ లింక్‌లేటర్ ‘డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్’ (1993). ఇదీ ఒక్క రోజే: 1976 మే 28, టెక్సస్‌లో ఒక స్కూలు ఆఖరి రోజు, ఆ రాత్రి, మర్నాటి ఉదయం. పేరు లెడ్ జెప్పెలిన్ పాటది కానీ సినిమాలో ఆ బృందం పాట ఒక్కటీ లేదు. సీనియర్లు కొత్తగా హైస్కూల్లోకి రాబోయే పిల్లల్ని చెక్క బద్దలతో వెంటపడి కొడతారు, తర్వాత వాళ్లనే కారెక్కించుకుని తిప్పుతారు. లింక్‌లేటర్‌కు 1976 మేలో పదిహేనేళ్లు. దెబ్బలు తినే మిచ్ అనే కుర్రాడిదీ ఇంచుమించు అదే వయసు. దెబ్బ తిన్నవాడు తీసిన సినిమా అని అడుగడుగునా తెలుస్తుంది; ఆ కాలం మీద ప్రేమ ఉంది, దాని క్రూరత్వం మీద మాత్రం ముసుగు లేదు.

ఇందులో సణుగుడు ఇంకా బాహాటంగా ఉంటుంది. కారులో వెళ్తూ సింథియా అనే అమ్మాయి తన సిద్ధాంతం చెబుతుంది: దశాబ్దం విడిచి దశాబ్దం బాగుంటాయట. యాభైలు చప్పగా గడిచాయి, అరవైలు అదిరిపోయాయి, డెబ్భైలు సరేసరి, ఎందుకూ కొరగావు, ఎనభైలైనా బాగుంటాయేమో. 1993లో థియేటర్లో కూర్చున్నవాళ్లకు ఎనభైలు ఎలా గడిచాయో తెలుసు. ఫుట్‌బాల్ ఆటగాడు పింక్ తెల్లవారుజామున మైదానం మధ్యలో కూర్చుని, ఇవే నా జీవితంలో గొప్ప రోజులని నేనెప్పుడైనా అంటే చావడమే మేలని గుర్తుచేయండి అంటాడు. ఆ కాలాన్ని తలుచుకుని మురిసిపోవడానికి వచ్చిన ప్రేక్షకుడి మొహం మీదే ఆ మాట.

గ్రాఫిటీలో మిల్నర్ ఉన్నట్టే ఇందులో వుడర్‌సన్ ఉన్నాడు. ఆ పాత్రతోనే మాథ్యూ మెకానహీ పేరు బయటికొచ్చింది. ఇతనూ స్కూలు వదిలి ఏళ్లయింది, ఇంకా స్కూలు అమ్మాయిల వెంటే తిరుగుతున్నాడు. చూసేటప్పుడు నవ్వొస్తుంది, ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. స్కూలు అనే కాలంలోంచి బయటికి రాలేనివాడు ఎలా ఉంటాడో చూపించడానికి ఇలాంటి పాత్ర ఒకటి చాలు. మీ కథలో అలాంటివాడు ఉన్నాడేమో వెతకండి. లేకపోతే ఎందుకు లేడో ఆలోచించండి.

మూడోది గ్రెటా గెర్విగ్ ‘లేడీ బర్డ్’ (2017). కాలిఫోర్నియాలోని సాక్రమెంటో, క్యాథలిక్ స్కూలు, 2002-03 విద్యాసంవత్సరం. గెర్విగ్ పెరిగింది ఆ ఊళ్లోనే. టీవీలో ఇరాక్ యుద్ధం నడుస్తుంటుంది, దాని గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఇందులో అమ్మాయి తన కాలాన్ని తిట్టే తిట్టు మూడింట్లోకీ నాకు ఇష్టం: 2002లో చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఎటునుంచి చదివినా ఒకేలా ఉండటమేనట. మన ‘వికటకవి’ మాటలాగా. ఏదో ఒకటి జరిగే కాలంలో పుట్టి ఉంటే బాగుండేదని వాపోతుంది. అప్పటికి న్యూయార్క్ జంట టవర్లు కూలి ఏడాదే అయింది!

మొదటి సన్నివేశమే మళ్లీ మళ్లీ చూడండి. తల్లీకూతుళ్లు కారులో వస్తూ స్టెయిన్‌బెక్ నవల ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ను క్యాసెట్లలో చివరిదాకా విని, ఇద్దరూ కన్నీళ్లు తుడుచుకుంటారు. నిమిషం తిరక్కుండా గొడవ మొదలవుతుంది, గొడవ ముదిరి కూతురు నడుస్తున్న కారులోంచి దూకేస్తుంది. 2002లో క్యాసెట్ ఏమిటని అడిగారు మా సభ్యుల్లో ఒకరు. అదే దాని గొప్పతనం. డబ్బు చాలని ఇంట్లో పాత కారే ఉంటుంది, పాత కారులో క్యాసెట్లే మోగుతాయి. ఏ ఇంట్లోనైనా ఆ ఏడాది కొన్న వస్తువులు రెండో మూడో ఉంటాయి. మిగతావన్నీ పది, ఇరవై ఏళ్ల నాటివి. వేషధారణ సినిమాల్లో సోఫా, గడియారం, కర్టెన్లు, కారు అన్నీ ఒకే నెలలో కొన్నట్టుంటాయి. తేడా కళ్లకు వెంటనే అందకపోయినా మనసుకు తెలిసిపోతుంది.

వేషధారణ అన్నాను కాబట్టి ‘గ్రీజ్’ (1978) మాట చెప్పాలి. 1958-59 కథ, కానీ మొదట వచ్చే పాట 1978 నాటి డిస్కో వరసలో ఉంటుంది. హైస్కూలు అమ్మాయి రిజోగా వేసిన స్టాకార్డ్ చానింగ్‌కు అప్పటికి ముప్ఫై దాటాయి. ఇది పగటివేషమే, తానూ అదే అని ఒప్పుకుంటుంది కాబట్టి నాకు పేచీ లేదు. పాటలు హుషారుగా ఉంటాయి, చూడండి. నేర్చుకోవడానికి మాత్రం ఏమీ లేదు.

తక్కువమంది చూసిన రెండు సినిమాలు చెబుతాను. ‘కూలీ హై’ (1975), దర్శకుడు మైకేల్ షుల్ట్జ్. పేరు చూసి మన కూలీ అనుకోకండి, అది షికాగోలో ఒక స్కూలు పేరు. రచయిత ఎరిక్ మాంటే ఆ స్కూల్లోనే చదివాడు. కథా కాలం 1964, పాటలు మోటౌన్ అనే రికార్డు కంపెనీవి, పిల్లలు నల్లజాతివాళ్లు. అమెరికన్ గ్రాఫిటీ కథకు రెండేళ్ల తర్వాతి కథ, అది వచ్చిన రెండేళ్లకే వచ్చిన సినిమా. రెండూ వెంటవెంటనే చూడండి. అక్కడ కుర్రాళ్లు ఊరు వదలాలా వద్దా అని రాత్రంతా ఊగిసలాడతారు. ఇక్కడ వదలడమన్నదే చేతికందిన అదృష్టం, ఆ అదృష్టం అందినవాడికి ఏమవుతుందో చెప్పను. ఒకే దశాబ్దం అందరికీ ఒకే దశాబ్దం కాదని మా సభ్యులకు నేను గంటసేపు చెప్పినా ఎక్కనిది ఈ జోడీ ఎక్కించింది.

రెండోది పీటర్ బొగ్డనోవిచ్ ‘ద లాస్ట్ పిక్చర్ షో’ (1971). లారీ మెక్‌మర్ట్రీ నవల ఆధారం. టెక్సస్‌లో చిన్న ఊరు, 1951-52, ఊళ్లో ఉన్న ఒకే సినిమా హాలు మూతపడుతుంది. 1971లో రంగుల సినిమాలు రాజ్యమేలుతుంటే దీన్ని నలుపు తెలుపుల్లో తీశారు, సలహా పేరున్న దర్శకుడు ఆర్సన్ వెల్స్‌ది. ప్రత్యేకంగా కట్టిన నేపథ్య సంగీతం లేదు. రేడియోల్లో, రికార్డుల్లో మోగే హాంక్ విలియమ్స్ లాంటివాళ్ల పాటలు, గాలి హోరు, అంతే. బొగ్డనోవిచ్ న్యూయార్క్ మనిషి, ఆ ఊరు అతనిది కాదు. మీకు ధైర్యం ఇవ్వాల్సిన సినిమా ఇదే: తాను బతకని జీవితాన్ని ఒకరు ఇంత నిజంగా తీయగలిగారు. అయితే ఊరూ మనుషులూ మెక్‌మర్ట్రీకి కొట్టినపిండి. మీకూ అలాంటి మనిషి ఒకరు కావాలి.

‘ద పర్క్స్ ఆఫ్ బీయింగ్ ఎ వాల్‌ఫ్లవర్’ (2012) గురించి అడిగారు. తన నవలను రచయిత స్టీఫెన్ చ్‌బాస్కీయే తెరకెక్కించాడు. పిట్స్‌బర్గ్, తొంభైల తొలినాళ్లు. సంగీతం అంటే చెవి కోసుకునే పిల్లలు, రేడియోలో డేవిడ్ బోవీ ‘హీరోస్’ వింటే అది ఏ పాటో తెలియదు, చాలాకాలం వెతుకుతారు. అసంభవం అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. విన్న పాట పేరు ఫోను చెప్పే రోజులు కావవి. అనౌన్సరు పేరు చెప్పకపోతే పాట గాలిలో కలిసిపోయినట్టే. సినిమాలో మిగతాదంతా కాస్త తియ్యదనం ఎక్కువే కానీ, ఈ వెతుకులాట మాత్రం ఆ కాలానిది.

మీ కథకు సంబంధించి ఒక్క పని చెబుతాను. ఆ కాలంలో ఏమేమి ఉండేవో జాబితా రాసుకున్నానన్నారు, దాన్ని కొన్నాళ్లు సొరుగులో పెట్టండి. అప్పుడు పదహారేళ్లున్నవాళ్లను పట్టుకుని ‘ఆ రోజులు ఎలా ఉండేవి’ అని అడగకండి. అలా అడిగితే అందరూ తీపి మాటలే చెబుతారు. ‘అప్పట్లో దేని మీద విసుగొచ్చేది, ఎవరిని చూస్తే ఆలస్యంగా పుట్టామనిపించేది’ అని అడగండి. కాసేపు తడుముకుంటారు. తర్వాత ఆపడం కష్టం. వీలైతే అప్పటి డైరీలు, స్నేహితులకు రాసిన ఉత్తరాలు సంపాదించండి. అందులో పెద్ద సంఘటనల గురించి ఒక వాక్యం ఉంటుంది, మాట్లాడటం మానేసిన స్నేహితురాలి గురించి నాలుగు పేజీలు ఉంటాయి. ఆ నిష్పత్తిని అలాగే ఉంచండి.

సినిమా దర్శకులు ఇలా వెనక్కి చూసేది ఎన్నేళ్లకు అని కూడా అడిగారు. గ్రాఫిటీకి 11 ఏళ్లు, కూలీ హైకి 11, లేడీ బర్డ్‌కు 15, డేజ్డ్‌కు 17, లాస్ట్ పిక్చర్ షోకు దాదాపు 20. స్కూల్లో ఉన్న పిల్లవాడు ఒక సినిమా తీసే స్థితికి రావడానికి పట్టే కాలం అది, అంతకుమించి రహస్యం లేదు. లూకస్‌కు 29, లింక్‌లేటర్‌కు 33, గెర్విగ్‌కు 34.

చూసే వరస: ముందు గ్రాఫిటీ, వెంటనే కూలీ హై. ఒక వారం ఆగి డేజ్డ్, తర్వాత లేడీ బర్డ్. లాస్ట్ పిక్చర్ షో ఆఖరున. డేజ్డ్‌లో మత్తు, బూతులు, లాస్ట్ పిక్చర్ షోలో నగ్న దృశ్యాలు ఉన్నాయి కాబట్టి ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని చూసేవి కావు. డేజ్డ్ మొదటి అరగంటలో ఇరవైమంది దాకా వచ్చిపోతుంటారు, ఎవరు ఎవరో తెలియక చిరాకు పుడుతుంది. పేర్లు గుర్తుపెట్టుకోవాలని చూడకండి. కొత్త స్కూల్లో మొదటి రోజు కూడా ఎవరి పేర్లూ తెలియవు కదా, సాయంత్రానికి ఎవరికి దూరంగా ఉండాలో మాత్రం తెలిసిపోతుంది.